పదకొండు మిలట్రీ ఇళ్ళు

అరవై ఏడు ఫిబ్రవరిలో ఎలక్షన్లు. జనవరి నెలంతా ఎర్రగట్టుపాలెంలో మైకుల గోలతో చెవులు గింగురుమన్నాయి. చాట్రాయికి మూడు మైళ్ళ ఎగువన, మెట్ట మీద ఉంటుంది ఆ ఊరు. చుట్టూ మామిడితోటలు, పల్లంలో కాస్త వరి. నూటయాభై గడపలు దాటవు. ఊరు చిన్నదే అయినా చుట్టుపక్కల దానికి మిలట్రీ ఊరని పేరు. పెద్ద యుద్ధంలో బర్మా దాకా లారీ తోలి, హవల్దారుగా తిరిగొచ్చిన బుచ్చయ్య చెప్పిన కబుర్లు విని, ఆ తరవాత ఏడాదికొకరో ఇద్దరో బెజవాడ వెళ్ళి పటాలంలో చేరుతూ వచ్చారు. ఊళ్ళోనూ పక్క గూడెంలోనూ కలిపి అలాంటి ఇళ్ళు పదకొండు.

వాటిలో సవరమ్మది ఒకటి. ఆమె మొగుడు పోతురాజు రోడ్లు వేసే దళంలో చేరి ఈశాన్య సరిహద్దున నేఫా కొండల్లోకి వెళ్ళాడు. అరవై రెండు నవంబరులో చైనావాళ్ళు ఆ కొండలు దిగి వచ్చినప్పుడు పోయాడు. ఆ కబురు నెలన్నర తరవాత టెలిగ్రాములో వచ్చింది. అప్పటికి సవరమ్మకు ముప్ఫై రెండేళ్ళు, కూతురు లక్ష్మికి ఆరు. పోతురాజు బతికుండగా, పెళ్ళాం కూడబలుక్కుని చదువుకోవాలని కార్డు మీద గింజంత అక్షరానికి బదులు గుడ్డంత అక్షరం రాసేవాడు. కార్డుకి నాలుగు మాటలకన్నా పట్టేవి కావు. ఆ నాలుగు మాటల పుణ్యమా అని ఆమెకు అచ్చక్షరాలు చదవడం వచ్చింది.

ఆ ఎలక్షన్లలో నిలబడినవాళ్ళు చాలామందే ఉన్నా, పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు సమితి ప్రెసిడెంటు బసవపున్నారావుగారు. అరవై దగ్గర పడిన మనిషి. ముప్ఫై ఎకరాల తోట ఉంది. మాట కరుకు. ఎవరైనా పని మీద వస్తే ముందు తిట్టి, తరవాత ఏం కావాలని అడిగే రకం. రెండో ఆయన నూజివీడు నుంచి వచ్చిన రత్నబాబుగారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బి.ఎ. చదివాడు. మనిషి నవ్వు, మాట తేనె. చైనా యుద్ధం రోజుల్లో ఊరూరా తిరిగి రక్షణనిధికి ఆడవాళ్ళ గాజులు, ఉంగరాలు పోగుచేసింది ఆయనే.

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున రత్నబాబుగారి మీటింగు జరిగింది. సవరమ్మను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. పోతురాజు ఫోటో అడిగి తీసుకెళ్ళి పక్కన బల్ల మీద పెట్టి దండ వేశారు. రత్నబాబుగారు ఆ ఫోటో వంక చూసి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాలుగేళ్ళలో సవరమ్మ మొగుడి పేరు మైకులో పలికినవాడు ఆయనొక్కడే.

మరో వారానికి ప్రెసిడెంటుగారి మనుషులు వచ్చారు. రత్నబాబు మీటింగులో కూర్చుంది కాబట్టి తమ మీటింగులోనూ కూర్చోవాలన్నారు. కాదనలేక వెళ్ళింది. ప్రెసిడెంటుగారు ఆమెను చూసి, "వచ్చావా, కూర్చో," అన్నారు. గంటసేపు చెరువు తూము గురించి, చాట్రాయి రోడ్డు గురించి మాట్లాడారు. మిలట్రీ ఊసే ఎత్తలేదు. దండా లేదు, ఫోటో లేదు. ఆమె ఊరికే కూర్చుని లేచి వచ్చింది.

మర్నాడు తులసమ్మగారి తోటలో పాదులు తవ్వుతుంటే పక్క పాదులో ఉన్న మంగమ్మ పార ఆపి అడిగింది.

"నువ్వు అక్కడా కూర్చున్నావు, ఇక్కడా కూర్చున్నావు. మరి మమ్మల్ని ఏ గుర్తు మీద గుద్దమంటావే?"

"నన్నడుగుతావేంటి వదినా?"

"ఇద్దరూ నిన్నే పిలిచి కూర్చోబెట్టారు కదా. జవాను పెళ్ళానివి నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తాది? నువ్వెటు చెబితే అటు. మా ఇంట్లో అయిదోట్లు."

చుట్టూ ఉన్న కూలివాళ్ళు కూడా అదే మాటన్నారు. సవరమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. ఆమె మనసు రత్నబాబుగారి వైపే ఉంది. కానీ ఎందుకని అడిగితే, ఏడ్చాడు కాబట్టి అని చెప్పాలి. అయిదోట్లున్న మంగమ్మకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. రెండు రోజులు ఆగమంది.

ఆ సాయంత్రం బుచ్చయ్య దగ్గరికి వెళ్ళింది. బుచ్చయ్య అప్పటికి పక్క తోటకి కాపలా ఉంటున్నాడు. వయసు యాభై అయిదు దాటినా వెన్ను వంగలేదు. ఆమె అడిగింది విని నవ్వాడు. ఇందులో ఆలోచించడానికేముంది, రత్నబాబుగారికే వెయ్యాలన్నాడు. అతని మేనల్లుడు సాంబయ్య అరవై అయిదు యుద్ధంలో లాహోరు వైపు కాలు పోగొట్టుకుని వచ్చినప్పుడు, బెజవాడ స్టేషను నుంచి ఊరి దాకా జీపులో బ్యాండుమేళంతో ఊరేగించింది ఆయనే. అదే సాంబయ్యకు మాజీ సైనికుల కోటాలో రావలసిన అయిదెకరాల మెట్ట, పశువుల బీడని చెప్పి ఆపించిన కాగితం మీద ప్రెసిడెంటుగారి సంతకం ఉంది.

"ఇంతకన్నా ఏం కావాలి నీకు?" అన్నాడు.

"అది ఒక్కిల్లు కదన్నా. మిగతా పదిళ్ళ సంగతి?"

"మిగతావాళ్ళకి మాత్రం వేరేగా ఏం చేసుంటాడు?"

"అదే, తెలీదు. పోయి అడుగుదాం. ఎవరు మీ గడప తొక్కారు, ఏం చేశారు అని. ఈయన గురించీ అడుగుదాం, ఆయన గురించీ అడుగుదాం."

బుచ్చయ్యకు అది వృథా శ్రమ అనిపించింది. కానీ ఆడమనిషి ఒక్కతే తిరగడం బాగుండదని, తనకు తెలిసిన నిజం అందరి నోటా వస్తుందన్న ధీమా కూడా ఉండి, బయలుదేరాడు.

మొదటి ఇల్లు ఆమెదే. నవ్వులాటకి అన్నట్టు బుచ్చయ్యే ఆమెను అడిగాడు, నీ గడప తొక్కింది ఎవరని. రత్నబాబుగారని చెప్పబోయింది సవరమ్మ. అప్పుడు లక్ష్మి గుర్తొచ్చింది. లక్ష్మి నూజివీడు హాస్టల్లో ఉండి అయిదో తరగతి చదువుతోంది. రెండేళ్ళ కిందట ప్రెసిడెంటుగారు గుమస్తాను పంపి ఆ హాస్టలు ఫారం తెప్పించుకున్నారు. ఆమె వేలిముద్ర వెయ్యబోతే సంతకం చెయ్యడం రాదా అని కసురుకున్నారు. గడువు దాటేదాకా అడగలేదని నలుగురిలో నానామాటలూ అన్నారు. ఆమె ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. పిల్లకి సీటు వచ్చింది. కానీ ఆ తిట్లే మనసులో ముల్లులా ఉండిపోయి, సీటు ఇప్పించిన సంగతి మరుగున పడిపోయింది. తిట్టినవాడు చేసిన మేలు మేలుగా గుర్తుండదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. "ప్రెసిడెంటుగారు," అని మాత్రం అంది. బుచ్చయ్య ముఖం చిట్లించాడు.

ఆ వారంలో పొద్దున పని చూసుకుని, మధ్యాహ్నాలు ఇల్లిల్లూ తిరిగారు. గూడెంలో నాలుగిళ్ళు, ఊళ్ళో నాలుగిళ్ళు. అడిగిన ప్రతిచోటా బుచ్చయ్య ముందు రత్నబాబుగారి పేరెత్తేవాడు. వాళ్ళు అవునవునని తలూపి, మంచి మనిషనీ మంచి మాటకారి అనీ చెప్పేవాళ్ళు. ఏం చేశాడని సవరమ్మ అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళు. ప్రెసిడెంటుగారి పేరెత్తితే ముందు విసుక్కునేవాళ్ళు. తరవాత ఒక్కొక్కటీ బయటపడేది. కాశ్మీరులో ఉన్న కొడుకు డబ్బు అందడం లేదని ముసలి తల్లి మొత్తుకుంటే పోస్టాఫీసుకి తనే వెళ్ళి కూర్చున్నారట. మూడిళ్ళకి స్థలాలు ఇప్పించారట. ఒకతని పెళ్ళానికి కాన్పు కష్టమైతే తన బండి కట్టించి ఏలూరు ఆస్పత్రికి పంపారట. బండి ఆలస్యంగా అడిగినందుకు ఇంటిల్లిపాదినీ తిట్టారట కూడా.

"ఎన్నడూ చెప్పలేదేం?" అని సవరమ్మ అడిగింది.

"చెప్పేదేముంది? ఆయన తిట్లు తిన్నాక ఆ సంగతి ఇంకొకరికి చెప్పాలని ఎవరికనిపిస్తాది?" అన్నాడు ఆ ఇంటాయన.

పదో ఇల్లు సత్యవతిది. ఆమె ఓటు ఎర్రగట్టుపాలెంలోనే ఉన్నా, మనిషి జి. కొండూరులో పుట్టింట్లో ఉంటోంది. ఆమె మొగుడూ పోతురాజుతో పాటే నేఫా వెళ్ళాడు. అతను పోయాడని గానీ, ఉన్నాడని గానీ ఇంతవరకు కబురు లేదు. సవరమ్మా బుచ్చయ్యా సర్వీసు బస్సులు రెండు మారి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. సత్యవతి మిరపతోటలో కాయ కోస్తోంది. సవరమ్మను చూసి బుట్ట కిందపెట్టి వచ్చి, చాలాసేపు చెయ్యి పట్టుకునే ఉండిపోయింది.

ఆమె చెప్పింది ఇది. మొగుడు కనబడకుండా పోయాడన్న కాగితం సరిగ్గా రాకపోవడంతో ఆమెకు అందవలసింది ఆగిపోయింది. ప్రెసిడెంటుగారు ఆమెను వెంటబెట్టుకుని నాలుగుసార్లు బందరు వెళ్ళారు, సైనికుల బోర్డుకి. మూడోసారి తుపాను వాన. బస్సుల్లేక ఎడ్లబండిలో సగం దూరం వచ్చారు. దారి పొడుగునా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. తను బండిలో ఏడుస్తుంటే వద్దనీ అనలేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు పని జరిగింది.

"బోర్డులో ఆయన చివరికి ఏమన్నాడో తెలుసా వదినా?" అంది సత్యవతి. "ఈవిడ మొగుడు బతికున్నాడో లేదో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. కానీ ఈవిడ మాత్రం బతికే ఉంది. ముందు దాని సంగతి చూడండి అన్నాడు."

తిరుగుబస్సులో బుచ్చయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మైలవరం దాటాక తనే నోరు విప్పాడు.

"అయితే నా మేనల్లుడి నేల ఆపినవాడు మంచోడంటావు."

"ఆపింది మంచి పనని నేనన్నానా అన్నా? ఆ ఇంటి లెక్క ఆ ఇంటిదే. దాన్ని తీసెయ్యను. సత్యవతి సంగతి విన్నాక దీన్నీ తీసెయ్యలేను."

"నువ్వు ఆడదానివి, నీకు తెలియదు. ఒక మనిషి చెడ్డోడంటే చెడ్డోడే."

అతనితో తగువు పెట్టుకోవడం సవరమ్మకు ఇష్టం లేదు. పోతురాజు పోయిన ఏడాది ఆమె ఇంటి కప్పు నేయించింది బుచ్చయ్యే. మెల్లగా అంది. "పదకొండో ఇల్లు సాంబయ్యదే కదా. రేపు అక్కడికే పోదాం. అంతకుముందు తులసమ్మగారిని కూడా అడగాలి."

తులసమ్మగారిది కూడా మిలట్రీ ఇల్లేనన్న సంగతి ఊళ్ళో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆవిడకి నలభై ఎకరాల తోట. కొడుకు పటాలంలో కెప్టెను. పెద్దింటివాళ్ళకి ఎవరి సాయం ఏం కావాలి అనుకుంటారు. సవరమ్మ కూడా అలాగే అనుకుంది. తోటలో పాక అరుగు మీద కూర్చుని ఉన్న ఆవిడను మొహమాటపడుతూనే అడిగింది. పెద్దావిడ పక్కనున్న మామిడికొమ్మ వంచి గింజంత పిందెలు తడిమింది.

అరవై అయిదులో మూడు నెలలు కొడుకు దగ్గర నుంచి ఉత్తరం లేదని చెప్పింది. నీకేం లోటమ్మా అంటూ ఒక్కరూ గడప తొక్కలేదు. ప్రెసిడెంటుగారు వరసకి మరిదే అయినా, ఏం కాదులే అని కబురు పంపి ఊరుకున్నారు. ఒకరోజు తెల్లవారుతుండగా రత్నబాబు సైకిలు మీద వచ్చాడు. తనతో చదువుకుని ఢిల్లీలో ఉంటున్నవాడికి పది రోజులు వరసగా ట్రంకాల్ చేసి కనుక్కున్నాడట. అబ్బాయి జలంధరు ఆస్పత్రిలో ఉన్నాడు, చెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

"ఆ అబ్బాయి మాటలకే పనికొస్తాడని అందరూ అంటారు," అంది తులసమ్మగారు. "నాకు ఆ రోజు కావలసింది ఒక్క మాటే సవరమ్మా. అది తెచ్చింది అతనే."

సవరమ్మకు అది వినడం హాయిగా అనిపించింది. తను వేదిక మీద చూసిన కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళు కావన్నమాట. బుచ్చయ్య ముఖం కూడా విప్పారింది. చూశావా అన్నట్టు ఆమె వంక చూశాడు.

సాంబయ్య ఇంటి ముందు కూర్చుని మామిడికాయల గంపలు అల్లుతున్నాడు. పూనా ఆస్పత్రిలో పెట్టిన కొయ్యకాలు పక్కన గోడకి ఆనించి ఉంది. ఇరవై ఆరేళ్ళవాడు. మేనమామను చూసి లేవబోతే బుచ్చయ్య భుజం నొక్కి కూర్చోబెట్టాడు. సవరమ్మ అడిగింది విన్నాక అతను చేతిలో ఉన్న ఈతబద్దను గంప అంచులో దూర్చి బిగించాడు.

"బ్యాండుమేళం బాగుందత్తా," అన్నాడు. "బెజవాడలో నన్ను భుజాల మీద మోశారు. ఊళ్ళో దించారు. దించాక మళ్ళీ ఎవరూ రాలేదు. రత్నబాబుగారు చెడ్డోడని కాదు. ఆ రోజుకి ఆయన పని అయిపోయిందనుకున్నాడు. నా పని అప్పుడే మొదలైంది."

"ప్రెసిడెంటు సంగతి చెప్పు," అన్నాడు బుచ్చయ్య.

"చెప్పడానికేముంది మామా. బీడు పోతుందని పశువులోళ్ళు గోల చేస్తే కరణం కాగితం రాశాడు. ఈయన సంతకం పెట్టాడు. ఒక్కసారి వచ్చి ఆ నేల చూసుంటే బాగుండేది. అదంతా రాళ్ళమెరక. అక్కడ గొడ్లు మేసి ఎన్నాళ్ళయిందో."

బుచ్చయ్య లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. సవరమ్మ అతని వెనకాలే వెళ్ళింది. ఇప్పుడు ఇద్దరినీ ముఖాముఖి అడగాలని అంది. అడగకుండా వాళ్ళ గురించి పదిమందిలో మాట్లాడటం న్యాయం కాదంది. బుచ్చయ్య ఈసారి వాదించలేదు.

మర్నాడు ప్రెసిడెంటుగారి తోటకి వెళ్ళేసరికి ఆయన మామిడిపూతకి పట్టిన తేనెమంచు పురుగుకి మందు కొట్టిస్తున్నారు. తలకి తువ్వాలు చుట్టుకుని, కూలివాళ్ళ మీద కేకలు వేస్తున్నారు. ఓట్ల కోసమైతే పార్టీ ఆఫీసుకి వెళ్ళమన్నారు. ఓట్ల కోసం కాదని చెప్పి, సవరమ్మ తను విన్నదంతా వరసగా చెప్పింది. సత్యవతి బందరు ప్రయాణాలు, ఏలూరు బండి, లక్ష్మి హాస్టలు. ఆయన ఇబ్బందిగా కదిలారు.

"ఇవన్నీ ఎవరు అడగమన్నారు నిన్ను? నువ్వేమైనా జడ్జీవా?"

"కాదండి. మావాళ్ళు నన్ను అడిగారు, నాకు తెలియక తిరిగాను. ఏడిళ్ళల్లో మీరు చేసింది ఉందండి. ఒకింట్లో చెరిపింది ఉంది. రెండూ చెబుతాను. అది మీకు ముందే చెప్పి పోదామని వచ్చాం."

"ఏం చెరిపాను?"

బుచ్చయ్య ముందుకొచ్చాడు. సాంబయ్య నేల సంగతి చెప్పాడు. మిలట్రీలో ఆఫీసరు ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాడు. బసవపున్నారావుగారు అది గుంటూరుపల్లి వైపు బీడు కదా అన్నారు. కాదు, ఉత్తరపు గట్టు మెరక అన్నాడు బుచ్చయ్య. ఆయన తలకి చుట్టిన తువ్వాలు విప్పి ఉత్తరపు గట్టు వైపు చూశారు. మందు కొట్టేవాళ్ళు కూడా పంపు ఆపి చూస్తున్నారు.

"కాగితం చూడకుండా సంతకం పెట్టాను," అన్నారు ఆయన. "ఆ వారం రోడ్డు గొడవలో ఉన్నాను. కరణం పెట్టమంటే పెట్టాను." తరవాత అంతలోనే విసుక్కుంటూ, పంపు ఎందుకు ఆపారని కూలివాళ్ళ మీద అరిచారు. సవరమ్మా బుచ్చయ్యా వెళ్ళిపోతుంటే పిలవలేదు, పొమ్మననూ లేదు.

రత్నబాబుగారు చాట్రాయి రోడ్డు మీద ఎదురయ్యారు. జీపు ఆపి దిగి నమస్కారం పెట్టారు. సవరమ్మ ఆయనకీ అంతా చెప్పింది. తులసమ్మగారి మాట చెప్పింది, సాంబయ్య మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. జీపులో ఉన్న కుర్రకారు ఆమె మాటకి అడ్డు రాబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఊరేగింపు అయ్యాక మళ్ళీ వెళ్ళాలని నాకు తోచలేదమ్మా," అన్నారు. "నిజంగా తోచలేదు. ఏం చెయ్యాలో తెలియక కూడా వెళ్ళలేదేమో."

"ఏం చెయ్యాలో మాకు తెలుసండి. వచ్చి అడిగితే చెబుతాం," అంది సవరమ్మ.

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంత పెద్దవాళ్ళతో అలా మాట్లాడతానని వారం కిందట కూడా అనుకోలేదు.

పోలింగు రెండు రోజులుందనగా తులసమ్మగారి తోటలో మధ్యాహ్నం సద్ది తినే వేళ కూలివాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. పక్క తోటలవాళ్ళు కూడా వచ్చారు. ఏభైమంది దాకా ఉంటారు. మైకు లేదు, కుర్చీ లేదు. సవరమ్మ నిలబడి, ఇంటిపేర్లతో సహా పదకొండిళ్ళ సంగతీ, పన్నెండోది తులసమ్మగారి సంగతీ చెప్పింది. ఎవరేం చేశారు, ఎవరేం చెయ్యలేదు. తనకు రత్నబాబుగారంటే అభిమానమని దాచలేదు. ప్రెసిడెంటుగారు తనని నలుగురిలో తిట్టారనీ దాచలేదు. సాంబయ్య నేల దగ్గరికి వచ్చేసరికి, ఆయన చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్న మాట కూడా చెప్పింది.

"ఇంతకీ ఎవరికి గుద్దమంటావు?" అంది మంగమ్మ.

"నేను ప్రెసిడెంటుగారికి వేస్తాను వదినా. ఏడిళ్ళు ఉన్నాయి కాబట్టి వేస్తాను. మీరు నా కోసం వెయ్యొద్దు. విన్నారుగా, మీకేది సబబనిపిస్తే అది చెయ్యండి."

బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. తను కూడా ఆమెతోనే తిరిగానని, ఆమె చెప్పినదాంట్లో ఒక్క పొల్లు లేదని అన్నాడు. అయినా తను మాత్రం రత్నబాబుగారికే వేస్తానన్నాడు. మేనల్లుడి నేల వచ్చేదాకా ఆ సంతకం తను మరిచిపోలేడని, అది తన బలహీనతే కావచ్చునని అన్నాడు. కొందరు నవ్వారు. సవరమ్మ కూడా నవ్వింది. ఒకే దారిలో వారం నడిచి రెండు గుర్తులకు ఓటేస్తున్నా, వాళ్ళ మధ్య కోపం లేదు. సద్దిమూటలు విప్పి అందరూ అన్నాలకు కూర్చున్నారు.

ఎర్రగట్టుపాలెంలో ప్రెసిడెంటుగారికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కానీ ఊరొక్కటే కాదు కదా. మొత్తం మీద ఆయన ఎనిమిది వందల చిల్లర తేడాతో ఓడిపోయారు. రత్నబాబుగారు ఎమ్మెల్యే అయ్యారు. ఆ కబురు విన్న రోజు సవరమ్మకు మనసులో వెలితిగా అనిపించింది. తిరిగిందంతా గాలికి పోయిందా అనుకుంది. తోటకి వెళ్ళి దిగులుగా పని చేసుకుంటుంటే, తులసమ్మగారు పిలిచి, ఓడిపోయినా ఆయనింకా సమితి ప్రెసిడెంటేనని గుర్తు చేసింది.

అది నిజమే అయింది. మార్చి నెలలో సమితి మీటింగులో బసవపున్నారావుగారు లేచి, ఉత్తరపు గట్టు మెరక మీద తన సంతకం తప్పని చెప్పి, కాగితం రాయించి తాసీల్దారుకి పంపారు. పశువులోళ్ళు ఇంటి మీదికి వస్తే, వాళ్ళను వెంటబెట్టుకుని ఆ రాళ్ళమెరక ఎక్కి, ఇక్కడ గడ్డి చూపించండి చూద్దాం అన్నారట. హైదరాబాదు నుంచి రత్నబాబుగారూ ఉత్తరం రాశారు. మే నెలలో కాయ కోతలప్పుడు స్వయంగా వచ్చి, తులసమ్మగారి పాకలో చాప మీద కూర్చుని, పన్నెండిళ్ళ వాళ్ళనీ పిలిపించి, ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఈసారి కన్నీళ్ళు లేవు. సత్యవతి మొగుడి పేరు, నంబరు రెండుసార్లు అడిగి సరిచూసుకున్నారు. వెళ్ళేటప్పుడు సవరమ్మతో, మూడు నెలల తరవాత మళ్ళీ వస్తాననీ రాకపోతే తిట్టమనీ చెప్పారు. తిట్టడానికి తమ ఊళ్ళో వేరే మనిషి ఉన్నాడని ఆమె అంటే ఆయన గట్టిగా నవ్వారు.

సాంబయ్యకు పట్టా జూన్ ఆఖర్లో వచ్చింది. తొలకరి పడింది. పన్నెండిళ్ళ నుంచీ మనుషులు వచ్చి రాళ్ళు ఏరారు. జి. కొండూరు నుంచి సత్యవతి కూడా వచ్చి రెండు రోజులు ఉంది. తులసమ్మగారు నలభై చిన్నరసం మామిడి అంటుమొక్కలు పంపింది. లక్ష్మి సెలవు పెట్టి వచ్చి అమ్మ వెనకాల నీళ్ళు మోసింది. సాంబయ్య కొయ్యకాలు కట్టుకుని, మెరక మీద అటూ ఇటూ నడుస్తూ గోతులకి గుర్తులు పెట్టాడు. బుచ్చయ్య గునపంతో తవ్వుతూ, మిలట్రీలో కందకాలు ఎంత వేగంగా తవ్వేవాళ్ళో చెబుతున్నాడు.

పొద్దు వాలే వేళకి పది గోతులు అయ్యాయి. అప్పుడు గట్టు కిందినుంచి బసవపున్నారావుగారు తువ్వాలు తలకి చుట్టుకుని, రొప్పుతూ ఎక్కి వచ్చారు. ఎవరినీ పలకరించలేదు. మొదటి గోతి దగ్గర నుంచి రెండో గోతి దాకా అడుగులు వేసి కొలిచారు.

"ఎవడు పెట్టాడయ్యా ఈ గుర్తులు? ఇరవై అడుగులు కూడా లేవు. చెట్టన్నాక పెరగదా? పదేళ్ళయ్యాక కొమ్మలు కొమ్మలు పొడుచుకుంటాయి. ముప్ఫై అడుగులు ఉండాలి. పూడ్చండి, పూడ్చి మళ్ళీ తవ్వండి."

సాంబయ్య నవ్వాపుకుంటూ చిత్తమన్నాడు. బుచ్చయ్య గునపం నేలకి ఆనించి, ఆయన వంక చూసి, ఒక్క క్షణం తటపటాయించి, చెంబెడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆయన తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, తనే తాడు పట్టుకుని కొలవడానికి వంగారు. రెండో కొస సవరమ్మ పట్టుకుంది.